సర్వీసుకు ఇచ్చిన కారు దెబ్బతో తిరిగి వస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

సర్వీసు సెంటరుకో, మెకానిక్ షెడ్డుకో ఇచ్చిన కారు తిరిగి వచ్చాక తలుపు మీద సొట్టో, కింద నూనె చుక్కలో కనిపించినప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని కారు యజమానులు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఇందులో ప్రస్తావించిన చట్టాలు దేశమంతటా వర్తించేవే. పెద్ద మొత్తం ముడిపడి ఉన్నప్పుడు న్యాయవాది సలహా తీసుకోవడం మంచిది. రెండు మూడు వేల రూపాయల సొట్టకు మాత్రం ఆ ఖర్చు దండగే.

కారు తీసుకునేటప్పుడే కొత్త దెబ్బ కనిపించింది. అక్కడికక్కడ ఏం చేయాలి?

మొదటి పని, కారును ఆ ఆవరణ దాటించకపోవడం. గేట్ పాస్ ఇచ్చి బయటికి వచ్చేశాక "దారిలో ఎక్కడో తగిలి ఉంటుంది సార్" అనే మాటకు చోటు దొరుకుతుంది. కారు లోపల ఉన్నంతసేపు ఆ మాట అనడానికి వీలుండదు. కారు నిలబెట్టిన చోటనే, వెనక వాళ్ళ బోర్డో, వాషింగ్ చేసే స్థలమో కనిపించేలా ముందు దూరం నుంచి, తరువాత దగ్గర నుంచి ఫొటోలు తీయండి. నంబరు ప్లేటు, దెబ్బ, ఓడోమీటరు మూడూ మధ్యలో ఆపకుండా ఒకే వీడియోలో వచ్చేలా కారు చుట్టూ ఒకసారి తిరగండి.

ఆ తరువాత సర్వీసు అడ్వైజరును పిలిచి చూపించి, జాబ్ కార్డు (కారు ఇచ్చినప్పుడు చేయవలసిన పనులు, కారు స్థితి రాసే కాగితం) మీద గానీ డెలివరీ కాగితం మీద గానీ "డెలివరీ సమయంలో ఎడమ వెనక తలుపు కింది అంచున సొట్ట ఉన్నట్టు గమనించడమైనది" అని రాయించండి. ఆయన రాయనంటే మీరే రాసి, తేదీ, సమయం వేసి సంతకం చేసి, దాన్ని ఫొటో తీసుకోండి. "పనులన్నీ సంతృప్తికరంగా జరిగాయి, కారు మంచి స్థితిలో అందుకున్నాను" అనే అచ్చు వాక్యం కింద సంతకం అడగడం దాదాపు ప్రతిచోటా ఉన్నదే. ఆ వాక్యాన్ని కొట్టేసి, పక్కన మీ అభ్యంతరం రాసి సంతకం చేసే హక్కు మీకు ఉంది. ఆ సమయంలో గొంతు పెంచడం వల్ల ఒరిగేది తక్కువ. మీ ఎదుట నిలబడ్డ అడ్వైజరు ఆ సొట్ట పెట్టిన మనిషి కాకపోవచ్చు. లోపల ఎవరి చేతిలో ఏమైందో ఆయన కూడా అప్పుడే కనుక్కోవాలి.

ఇంటికి వచ్చాక, మర్నాడు పొద్దున్న చూశాను. ఇక ఏమీ చేయలేనా?

చేయవచ్చు, కానీ ప్రతి గంటా మీకు వ్యతిరేకంగా లెక్కకు వస్తుంది. చూసిన వెంటనే ఫొటోలు తీసి, అదే రోజు సర్వీసు సెంటరు ఈమెయిలుకు గానీ వాట్సాప్ నంబరుకు గానీ పంపండి. ఫోనులో మాట్లాడినా, మాట్లాడిన విషయాన్ని తరువాత రాతలో మళ్ళీ పంపాలి. ఆ సందేశంలో కారు ఎప్పుడు తెచ్చుకున్నారు, ఆ తరువాత ఎంత దూరం నడిచింది, రాత్రి ఎక్కడ నిలిపారు అనేవి ఉండాలి. బిల్లు మీద సర్వీసు సెంటరు వేసిన ఓడోమీటరు రీడింగు ఉంటుంది కాబట్టి, అక్కడి నుంచి ఇంటికి ఉన్న దూరం మాత్రమే తేడాగా కనిపిస్తే ఆ రెండు అంకెలే మీ తరఫున మాట్లాడతాయి.

అపార్ట్‌మెంటులో ఉండేవారు సెల్లారు సీసీటీవీ దృశ్యాలను వెంటనే దాచి పెట్టించాలి. సర్వీసు సెంటరును కూడా, కారు తమ దగ్గర ఉన్న తేదీల సీసీటీవీ దృశ్యాలను చెరపకుండా ఉంచమని అదే సందేశంలో కోరండి. చాలాచోట్ల కొన్ని రోజుల తరువాత పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది. మీరు రాతపూర్వకంగా అడిగాక కూడా చెరిగిపోయిందంటే, అందుకు సమాధానం చెప్పుకోవలసింది వాళ్ళే అవుతారు.

ఆ దెబ్బ కొత్తదో పాతదో ఎలా తెలుస్తుంది?

దీనికి ముందు యజమాని కూడా నిజాయితీగా ఆలోచించాలి. దుమ్ము కొట్టుకుపోయి నెలల తరబడి ఉన్న కారును నీళ్ళతో కడిగి, పాలిష్ పెట్టి ఇచ్చినప్పుడు, అంతకు ముందు కనిపించని గీతలు ఒక్కసారిగా బయటపడతాయి. వాటిలో చాలా వరకు మన సందులోని బైకులు, కూరగాయల బండ్లు ఎప్పుడో చేసినవే.

కొత్త గీతకు అంచులు పదునుగా ఉంటాయి. గోటితో గీస్తే రంగు పొడి రాలుతుంది. లోపల ఇనుము బయటపడి ఉంటే అది తెల్లగా మెరుస్తుంది. పాత గీతలో మట్టి, మైనం పేరుకుని నల్లబడి ఉంటుంది, ఇనుము తగిలే లోతుకు పోయి ఉంటే తుప్పు రంగు కనిపిస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో ఉప్పు గాలి వల్ల ఈ తుప్పు లోతట్టు ప్రాంతాలకన్నా త్వరగా వస్తుందని గుర్తుంచుకోవాలి. సొట్టలో మరో వాహనం రంగు అంటుకుని ఉంటే దాన్ని తుడవకుండా ఫొటో తీయండి. దెబ్బ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి, ఆ టేపు కూడా ఫొటోలో పడేలా చూడండి. షెడ్డులో లిఫ్టు స్తంభానికో, మరో కారు బంపరుకో తగిలిన దెబ్బ ఎత్తు, రోడ్డు మీద బైకు హ్యాండిల్ తగిలిన దెబ్బ ఎత్తు ఒకటి కావు.

అన్నిటికన్నా బలమైన ఆధారం, ఇవ్వడానికి ముందు తీసిన ఫొటో. అది లేకపోతే గత కొన్ని వారాల్లో ఏ పెళ్ళిలోనో, గుడి దగ్గరో తీసిన ఫొటోల్లో మీ కారు ఆ వైపు పడిందేమో వెతకండి. ఇన్సూరెన్స్ రెన్యువల్ కోసం తీయించిన తనిఖీ ఫొటోలు, పాత సర్వీసు జాబ్ కార్డులు కూడా పనికొస్తాయి.

పైకి కనిపించని దెబ్బలు ఎక్కడ వెతకాలి?

కారు పైభాగం అందరూ చూస్తారు. డబ్బు ఖర్చయ్యే దెబ్బలు ఎక్కువగా కింద ఉంటాయి.

ముందు టైరు వెనక, వెనక టైరు ముందు, తలుపుల కింద పొడవునా సాగే రేకు అంచును వేలితో తడిమి చూడండి. జాకీ పెట్టవలసిన చోట ఆ అంచుకు చిన్న గాట్లు గుర్తుగా ఉంటాయి; వాటి మధ్యనే జాకీ గానీ లిఫ్టు చేయి గానీ ఆనాలి. తొందరలో ఒక జానెడు పక్కకు పెడితే కారు బరువంతా ఆ పలుచని అంచు మీద పడి, అది అల మాదిరిగా వంకర పోతుంది. రంగు పగులుతుంది, దానితో పాటు అతుకులోకి నీరు చొరబడకుండా వేసిన సీలెంటు కూడా పగులుతుంది. మొదటి ఏడాది ఏమీ తెలియదు. రెండు వర్షాకాలాలు గడిచాక ఆ అతుకు లోపలి నుంచి తుప్పు పొరలుగా ఊడి వస్తుంది, అప్పటికి ఎవరినీ అడగడానికి ఉండదు. అందుకే ఫోనును నేలకు ఆనించి నాలుగు వైపులా ఆ అంచును వీడియో తీయడం ప్రతి సర్వీసు తరువాత చేయదగిన పని.

ఇంజిన్ ఆయిల్ మార్పించిన రాత్రి ఇంజిన్ కింద పాత అట్టపెట్టె ముక్క ఒకటి పరచండి. చాలా కార్లలో ఆయిల్ పాన్ అల్యూమినియంది, దానికి బిగించే డ్రెయిన్ బోల్టు ఉక్కుది. బోల్టును అతిగా బిగిస్తే మెత్తనైన పాన్ మరలు చెడిపోతాయి, వాషరు మార్చకుండా పాతదే వేసినా కారుతుంది. తెల్లారేసరికి అట్ట మీద తేనెరంగు చుక్కలు ఉంటే అది కొత్త ఆయిల్, అంటే కారుతున్నది ఆ డ్రెయిన్ బోల్టు దగ్గరో, ఫిల్టరు దగ్గరో. ఏసీ వేసుకుని వచ్చినప్పుడు కారే నీటి చుక్కలను చూసి కంగారు పడకండి. వాటికి రంగూ జిడ్డూ ఉండవు. ఆయిల్ కారుతున్నట్టు తేలితే కారు నడపకుండా సర్వీసు సెంటరునే పిలిపించాలి. ఆయిల్ లేకుండా నడిపి ఇంజిన్ పట్టేస్తే, ఆ తరువాతి నష్టంలో మీ వంతు ఎంతన్న వాదన మొదలవుతుంది.

చక్రాల నట్లు అన్నీ ఉన్నాయా, అలాయ్ రిమ్ముల అంచులు చెక్కుకుపోయాయా, ఇంజిన్ కింది ప్లాస్టిక్ కవరు క్లిప్పులు ఊడి వేలాడుతోందా, అద్దం మీద వైపరు చేయి పడి పగులు వచ్చిందా, సీట్ల మీద గ్రీజు మరకలు ఉన్నాయా అన్నవి కూడా చూసుకోవాలి. కొత్తగా ఏ చప్పుడు వస్తున్నా పాటలు ఆపేసి, అద్దాలు దించి, ఎగుడుదిగుడు దారిలో ఒకసారి నడిపి విన్నాకే అడ్వైజరుతో మాట్లాడండి. "ఏదో చప్పుడు వస్తోంది" అంటే ఎవరూ పట్టించుకోరు, "స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు ఎడమ ముందు చక్రం దగ్గర టకటకమంటోంది" అంటే వెంటనే లిఫ్టు ఎక్కిస్తారు.

జాబ్ కార్డు మీద "వాహనం యజమాని బాధ్యత మీదనే ఉంచబడును" అని అచ్చు వేసి ఉంది. దాని మీద నేను సంతకం చేశాను. ఇక వాళ్ళకు బాధ్యత లేనట్టేనా?

చాలామంది ఈ ఒక్క వాక్యం చూసి వెనక్కి తగ్గిపోతారు. తగ్గనవసరం లేదు.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒక పని కోసం ఇతరుల వస్తువును తన అధీనంలోకి తీసుకున్న వ్యక్తి, సాధారణ వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా దాన్ని చూసుకోవాలి. ఇది 151వ సెక్షన్. ఆ జాగ్రత్త తీసుకున్నాక కూడా వస్తువు చెడిపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు అతనికి బాధ్యత ఉండదని 152వ సెక్షన్ చెబుతుంది. అంటే షెడ్డు యజమానిని గుడ్డిగా శిక్షించే చట్టం కాదు. అకాల వరద వచ్చి నిలువెత్తు నీళ్ళలో షెడ్డు మునిగితే లెక్క వేరు, లిఫ్టు మీద నుంచి కారు జారితే లెక్క వేరు.

అచ్చు వాక్యం సంగతికి వస్తే, హోటల్ వాలెట్ పార్కింగు (సిబ్బందే తాళం తీసుకుని కారు నిలిపే ఏర్పాటు) నుంచి కారు దొంగతనమైన కేసులో సుప్రీంకోర్టు 2019 నవంబరులో ఇచ్చిన తీర్పు చాలా ఉపయోగపడుతుంది. తాజ్ మహల్ హోటల్‌కూ యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కంపెనీకీ మధ్య నడిచిన ఆ వివాదంలో, పార్కింగు చీటీ మీద "యజమాని బాధ్యత మీదనే" అని రాసి ఉన్నప్పటికీ, కారు తాళం తీసుకున్నాక తన సిబ్బంది నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం నుంచి హోటల్ ఆ వాక్యంతో తప్పించుకోలేదని కోర్టు తేల్చింది. తీసుకున్న స్థితిలో కారును తిరిగి ఇవ్వలేకపోయినప్పుడు, తమ నిర్లక్ష్యం లేదని చూపించవలసిన భారం మొదట కారు తీసుకున్నవారి మీదనే పడుతుందని కూడా చెప్పింది. తాళం, కారు రెండూ అప్పగించే సర్వీసు సెంటరు విషయంలో ఈ తర్కం ఇంకా సూటిగా అతుకుతుంది.

అయితే ఈ భారం వాళ్ళ మీదకు మారాలంటే, కారు ఇచ్చేటప్పుడు ఆ దెబ్బ లేదని మీరు ముందు చూపించాలి. మళ్ళీ జాబ్ కార్డు దగ్గరికే వస్తాం. దాని మీద కారు బొమ్మ నాలుగు వైపులా గీసి ఉంటుంది; కారు దించుకునేటప్పుడు అడ్వైజరు ఉన్న గీతలు, సొట్టలు ఆ బొమ్మ మీద గుర్తు పెట్టాలి. మీ దెబ్బ ఉన్నచోట గుర్తు లేకపోతే, ఇచ్చినప్పుడు అక్కడ ఏమీ లేదని వాళ్ళ కాగితమే ఒప్పుకున్నట్టు. కొందరు అడ్వైజర్లు చూడకుండానే నాలుగు వైపులా గీతలు గీసేస్తారు, ముందు జాగ్రత్త అన్నమాట. సంతకం చేసే ముందు ఆ బొమ్మను చూసి, లేని దెబ్బలను కొట్టించండి.

తప్పు ఒప్పుకుని, తామే ఉచితంగా బాగు చేసి ఇస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

చాలా సందర్భాల్లో ఇదే అందరికన్నా త్వరగా తేలే మార్గం, కాదనడానికి కారణం లేదు. కానీ నోటిమాట మీద కారు వదలకండి. ఏ భాగం, సరిచేస్తారా మారుస్తారా, ఒరిజినల్ విడిభాగమేనా, ఎన్ని రోజులు, అన్ని రోజులూ వేరే కారు గానీ క్యాబ్ ఖర్చు గానీ ఇస్తారా, చేసిన రంగుకు ఎంత కాలం గ్యారంటీ అన్నవి ఈమెయిలులో రాయించుకోండి.

సొట్ట రంగు పగలకుండా ఉంటే, లోపలి నుంచి నెట్టి రంగు వేయకుండానే తీసే పద్ధతి ఉంది. వీలైతే అదే అడగండి, ఎందుకంటే కంపెనీలో వేసిన రంగు అలాగే మిగులుతుంది. టింకరింగ్, పుట్టీ, పెయింటింగ్ తప్పనిసరైతే, కారు తీసుకునేటప్పుడు ఎండలో నిలబెట్టి, పక్క భాగంతో రంగు కలిసిందో లేదో వాలుగా చూడండి. ట్యూబులైటు కింద వెండి రంగు, తెల్ల ముత్యపు రంగు కార్లన్నీ బాగానే కనిపిస్తాయి. కారు అమ్మేటప్పుడు కొనేవాడు ఈ తేడా మొదట పట్టుకుంటాడు, ధర తగ్గించమంటాడు. చిన్న సొట్టే కదా అని తేలికగా తీసుకోకూడదనడానికి కారణం ఇదే.

నాకు చెప్పకుండా దెబ్బను సరిచేసి, రంగు వేసి ఇచ్చారని అనుమానంగా ఉంది. ఎలా తేల్చుకోవాలి?

తలుపు రబ్బరు బీడింగు మీద, ప్లాస్టిక్ అంచుల మీద సన్నని రంగు తుంపర పడిందేమో చూడండి. బోల్టుల తల మీది రంగు పానా పెట్టిన చోట ఊడి ఉంటే ఆ భాగాన్ని విప్పారన్నమాట. ఉపరితలం నారింజ తొక్కలా గరుకుగా కనిపించడం మరో గుర్తు. రంగు మందం కొలిచే చిన్న మీటరు పాత కార్లు కొని అమ్మేవారి దగ్గర ఉంటుంది. కంపెనీ రంగు మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక్క భాగంలో అది రెట్టింపు దాటితే మళ్ళీ రంగు వేశారని, ఇంకా బాగా ఎక్కువగా ఉంటే కింద పుట్టీ ఉందని అర్థం. ప్లాస్టిక్ బంపర్ల మీద ఈ మామూలు మీటరు పనిచేయదు. కారును మీరు పాతదిగా కొని ఉంటే ఈ పరీక్ష ఏమీ రుజువు చేయదు, ఆ రంగు మొదటి యజమాని వేయించినది కావచ్చు.

టెస్ట్ డ్రైవ్ అంటూ వాళ్ళ మనిషి బయటికి తీసుకెళ్ళి గుద్దినట్టున్నాడు. ఒప్పుకోవడం లేదు. రుజువు ఎలా?

ఇక్కడ కారే చాలా చెబుతుంది. ఓడోమీటరు రీడింగులో తేడా, ఇంధనం తగ్గడం సరే. దానికి తోడు, టోల్ గేటు దాటి ఉంటే ఫాస్టాగ్ సందేశం మీ ఫోనుకే వచ్చి ఉంటుంది. హెల్మెట్టు, సిగ్నలు, వేగం ఉల్లంఘనలను పట్టే హైదరాబాదు, సైబరాబాదు పోలీసు కెమెరాలకు మీ కారు చిక్కి ఉంటే, ఈ-చలానాలో ఫొటో, స్థలం, సమయం మూడూ ఉంటాయి. సర్వీసు సెంటరులో ఉండవలసిన కారు మధ్యాహ్నం మూడింటికి ఊరి అవతల కూడలిలో కనిపిస్తే వేరే సాక్షి అవసరం లేదు. ఆ చలానా డబ్బు కూడా వాళ్ళ దగ్గరే వసూలు చేయాలి. డ్యాష్‌క్యామ్ ఉన్నవారు కారు ఇచ్చే ముందు దాని కార్డు నిండలేదని చూసుకోవాలి. ఎలక్ట్రానిక్ ఆధారాన్ని కోర్టులో దాఖలు చేయవలసి వస్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి కాబట్టి అసలు ఫైలును, ఫోనును అలాగే ఉంచండి.

పనికి అవసరమైన చిన్న టెస్ట్ డ్రైవ్ మీరు ఒప్పుకున్నట్టే. దానికి మించి సొంత పనికి వాడుకుంటే కాంట్రాక్టు చట్టం 154వ సెక్షన్ వర్తిస్తుంది: ఒప్పందానికి విరుద్ధంగా వాడుకుంటున్నప్పుడు జరిగిన ఏ నష్టానికైనా, జాగ్రత్తగానే నడిపామని చెప్పినా, పరిహారం చెల్లించాలి.

ఆ ప్రమాదంలో మరో మనిషికి దెబ్బ తగిలి ఉంటే విషయం పెద్దది. ఇతరులకు జరిగిన నష్టాన్ని భరించే మీ థర్డ్ పార్టీ పాలసీ ఇందులోకి వస్తుంది కనుక ఆలస్యం చేయకుండా బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. కారు ఎవరు నడిపారు, లైసెన్సు ఉందా అన్నది వెంటనే తెలుసుకోండి.

బ్యాటరీ, టైర్లు మార్చేశారని అనుమానం వస్తే?

టైరు పక్క గోడ మీద నాలుగు అంకెల తయారీ గుర్తు ఉంటుంది; 2323 అని ఉంటే 2023వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. నాలుగు టైర్లు, స్టెప్నీ, బ్యాటరీ మీది సీరియల్ నంబర్లు, స్టీరియో మోడలు ఒకసారి ఫొటో తీసి ఉంచుకుంటే ఈ ప్రశ్నే రాదు. జాకీ, పానా, స్టెప్నీ పోయే అవకాశం ఎక్కువ, చూసుకునేది తక్కువ. పంక్చరు పడ్డ రాత్రి డిక్కీ తెరిచినప్పుడే చాలామందికి తెలుస్తుంది.

నా ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేసుకోమంటున్నారు. చేసుకోవాలా?

వాళ్ళ తప్పుకు మీ పాలసీ వాడమనడం ఇది. ముందు లెక్క వేయండి. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై ఐదేళ్ళకు 50 శాతం వరకు పెరిగే నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఒక్క క్లెయిమ్‌తో పోతుంది. పైగా 1500 సీసీ వరకు ఉన్న కార్లకు 1000 రూపాయలు, అంతకు మించితే 2000 రూపాయలు తప్పనిసరిగా మీ చేతి నుంచి పోతాయి. బోనస్‌ను ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మీ సొంత కారు నష్టానికి కట్టే భాగం) మీదనే లెక్క కడతారు గనుక, పాత కారుకు ఈ నష్టం చిన్నది, ఖరీదైన కొత్త కారుకు పెద్దది.

మెకానికల్, ఎలక్ట్రికల్ వైఫల్యాలు మామూలు పాలసీలో రావు. కాబట్టి డ్రెయిన్ బోల్టు వదులై ఇంజిన్ పట్టేస్తే క్లెయిమ్ తిరస్కరించే అవకాశమే ఎక్కువ. లిఫ్టు మీద నుంచి పడి కారు నుజ్జయిన సందర్భంలో మాత్రం క్లెయిమ్ చేయడమే మంచిది. బీమా కంపెనీ మీకు చెల్లించి, మీ స్థానంలో నిలబడి సర్వీసు సెంటరు మీద వసూలుకు వెళ్ళగలదు. ఏ కారణం చేతనైనా, "ఇంటి గేటుకు తగిలింది" అని క్లెయిమ్ ఫారంలో రాయమంటే రాయకండి. తప్పుడు వివరం బయటపడితే క్లెయిమ్ పోతుంది, అసలు దోషి తప్పించుకుంటాడు.

బిల్లు కట్టనని చెప్పి కారు తెచ్చుకోవచ్చా?

కుదరదు. శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేసినవాడు ఆ పనికి రావలసిన డబ్బు అందేవరకు వస్తువును తన దగ్గరే ఉంచుకోవచ్చని కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ చెబుతోంది. కారు అక్కడే రోజుల తరబడి ఉండిపోతే ఇబ్బంది పడేది మీరే. వివాదం లేని పనికి డబ్బు యూపీఐ ద్వారా గానీ కార్డు ద్వారా గానీ కట్టి, "నష్టం విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది, దానికి లోబడి చెల్లిస్తున్నాను" అని వెంటనే ఈమెయిలు పంపండి. బిల్లులోనే తగ్గించి ఇస్తామంటే, ఆ తగ్గింపు నష్టానికి పూర్తి పరిష్కారమా, కొంత భాగమా అన్నది బిల్లు మీదనే రాయించాలి.

వాళ్ళు అసలు స్పందించడం లేదు. తరువాతి మెట్టు ఏమిటి?

అధీకృత సర్వీసు సెంటరైతే, కారు తయారీ కంపెనీ కస్టమర్ కేర్‌కు జాబ్ కార్డు నంబరుతో ఫిర్యాదు పంపండి. డీలరు వేరు, కంపెనీ వేరు అని మొదట చేతులు దులుపుకున్నా, డీలరు మీద కంపెనీ ఒత్తిడి గట్టిగానే పనిచేస్తుంది. దానితో పాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఈ హెల్ప్‌లైన్ ఆదేశాలు ఇవ్వలేదు, ఇరుపక్షాల మధ్య రాజీకి ప్రయత్నిస్తుంది.

అదీ కాకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, సహేతుకమైన గడువు ఇచ్చి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనో, పని చేసే జిల్లాలోనో కేసు వేయవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో చెడిపోయిన కారు కోసం ఖమ్మంలో ఉండేవారు విజయవాడ తిరగనక్కర లేదు. సేవకు మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లెక్కలోకి వచ్చేది సర్వీసు బిల్లే, కారు ధర కాదు. న్యాయవాది తప్పనిసరి కాదు, ఫిర్యాదును ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ళలోపు వేయాలి.

నోటీసు అందిన 30 రోజుల్లో ఎదుటి పక్షం జవాబివ్వాలి, మహా అయితే మరో 15 రోజులు గడువు దొరుకుతుంది. ఆ పైన ఒక్క రోజు కూడా పొడిగించడానికి కమిషన్‌కు అధికారం లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పాత చట్టంలోని ఇలాంటి నిబంధన మీదనే తేల్చింది. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, ఆచరణలో అంతకన్నా చాలా ఎక్కువ పడుతుంది. ఇది తెలిసే దిగాలి. విచారణ ప్రధానంగా అఫిడవిట్లు, కాగితాల మీదనే నడుస్తుంది కనుక గట్టి ఫైలు ఉన్నవారిదే పైచేయి.

ఎంత పరిహారం అడగాలి?

మరో సర్వీసు సెంటరు నుంచి తీసుకున్న రాతపూర్వక ఎస్టిమేటు, కారు లేని రోజుల క్యాబ్ రసీదులు, పని సరిగా చేయనందుకు ఆ పని వరకు కట్టిన డబ్బు, కొంత మానసిక వేదనకు, కేసు ఖర్చులకు. పదివేల సొట్టకు ఐదు లక్షల మానసిక వేదన అడిగితే మిగిలిన మాటల విలువ కూడా పలుచబడుతుంది.

కారు నాన్నగారి పేరు మీద ఉంది, సర్వీసుకు ఇచ్చింది నేను. కేసు ఎవరు వేయాలి? క్యాబ్ నడుపుకునేవారు వేయవచ్చా?

డబ్బు చెల్లించి సేవ పొందినవారే కాక, వారి అనుమతితో ఆ సేవను అనుభవించేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. అయినా ఇద్దరి పేర్లూ పెట్టడం క్షేమం. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉండి, వాళ్ళ పేరు మీది కారును ఇక్కడ తల్లిదండ్రులు వాడుకునే ఇళ్ళకూ ఇదే వర్తిస్తుంది. వ్యాపారం కోసం పొందిన సేవ చట్టం పరిధిలోకి రాదు, కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం సొంత క్యాబ్ నడుపుకునే డ్రైవరుకు ఆ మినహాయింపు అడ్డు రాదు.

మాది బిల్లు ఇవ్వని చిన్న షెడ్డు. మేస్త్రీ ఏళ్ళుగా తెలిసినవాడే. అక్కడేం చేయాలి?

చట్టం అక్కడా ఒకటే, ఆధారాలే తక్కువ. యూపీఐ చెల్లింపు, వాట్సాప్‌లో "బండి రెడీ అన్నా" అని వచ్చిన సందేశం, ఫోను కాల్స్ జాబితా కలిపితే కారు అతని దగ్గర ఉందని చూపించడానికి సరిపోతాయి. అయితే తెలిసిన మేస్త్రీతో ఎదురుగా కూర్చుని మాట్లాడితే, టింకరింగ్ తన చేతి మీదుగానే చేయించి ఇచ్చే అవకాశం పెద్ద సర్వీసు సెంటరుకన్నా ఎక్కువే. చేతి నుంచి పోయే డబ్బు అతనికి పెద్దదని గుర్తుంచుకుని అడగాలి, అలాగని బ్రేకుల పనిలో నిర్లక్ష్యాన్ని మొహమాటానికి వదలకూడదు.

పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చా?

విడిభాగాలు మాయమైనా, కారు తిరిగి ఇవ్వకపోయినా, కావాలనే పాడుచేసినా చేయవచ్చు. భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి 303, నమ్మకద్రోహానికి 316, ఆస్తికి నష్టం కలిగించడానికి 324 సెక్షన్లు ఉన్నాయి. పొరపాటున పడ్డ సొట్టకు స్టేషన్‌కు వెళితే అది సివిల్ వ్యవహారమని తిప్పి పంపుతారు, అది సబబే.

కేసు తేలేవరకు కారు అలాగే ఉంచాలా?

అక్కర లేదు. బాగు చేయించే ముందు, ఎప్పుడు ఎక్కడ చేయించబోతున్నారో, కావాలంటే వచ్చి చూసుకోవచ్చని సర్వీసు సెంటరుకు ఈమెయిలు పంపండి. వేరే చోట లిఫ్టు ఎక్కించి కింది భాగం ఫొటోలు తీయించి, నష్టానికి కారణం ఏమిటో ఆ మెకానిక్ చేత లెటర్‌హెడ్ మీద రాయించండి. ఇంజిన్, గేరుబాక్సు వంటి పెద్ద నష్టమైతే వాహన నష్టాన్ని అంచనా వేసే, లైసెన్సు ఉన్న సర్వేయరు నివేదిక తీసుకోవడం మంచిది. పరీక్ష అవసరమని కమిషన్ భావించే అవకాశం ఉన్న భాగాన్ని మాత్రం విప్పాక పారేయకూడదు. మరలు పోయిన బోల్టును, పగిలిన పాన్‌ను, వంగిన సస్పెన్షన్ ఆర్మ్‌ను మెకానిక్ పాత సామానులో కలిపేయక ముందే అడిగి తీసుకుని, సంచిలో కట్టి, బిల్లు నంబరు, తేదీ రాసిన చీటీ దానికి అంటించి ఇంట్లో భద్రపరచండి.